ఆస్మండ్ మలుపులో మూడో దెబ్బ

మా లోయ మొత్తం మీద దెయ్యాలంటే భయపడని మగాడు ఎవరయ్యా అంటే, నేనొక్కణ్ణే. శ్మశానంలో సమాధి మీద కూర్చుని శాండ్‌విచ్ తిన్నాను. ఉరేసుకున్న మనిషి ఇంట్లో నిలబడి ఈల వేశాను. రెండూ మిట్టమధ్యాహ్నం చేశాను, పక్కన మా అక్క మార్నీ ఉంది, అది వేరే సంగతి. రాత్రిళ్ళు మాత్రం బాత్రూమ్ లైటు వెలుగుతూ ఉంటేనే నాకు నిద్ర పడుతుంది. మా అమ్మ అడిగితే ఎలకలు తిరుగుతున్నాయని చెబుతాను.

అంతటి ధీరుణ్ణి కాబట్టి ఆస్మండ్ మలుపు సంగతి నా నోటే వినండి. అక్కడ జరిగింది నాకు కాదు, మా అక్కకి. ఆమె చెప్పింది చెప్పినట్టు చెబుతాను. కొంచెం మాత్రమే కలుపుతాను.

కెస్ట్రెల్ వాగు పక్కనుంచి కొండల్లోకి పోయే రోడ్డు పదిహేడో మైలు దగ్గర ఆగిపోతుంది. ఆ చివర గుండ్రంగా ఒక ఖాళీ జాగా, దాన్నే ఆస్మండ్ మలుపు అంటారు. చలికాలంలో మంచు తోసే బండి అక్కడిదాకా వచ్చి, ఆ గుండ్రంలో ఒక చుట్టు తిరిగి వెనక్కి పోతుంది. అవతల రోడ్డు లేదు. చెట్లు, మంచు, మళ్ళీ చెట్లు. ఫోను పలకదు. ఎండాకాలం జనం పిల్లల్ని వేసుకుని నల్లపళ్ళు కోసుకోవడానికి వెళతారు. చలికాలం రాత్రి మాత్రం అక్కడ ఎవరూ బండి ఆపరు.

ఆపితే... ఆస్మండ్ వస్తాడు.

ఆస్మండ్ లీ ఆ రోడ్డు మీద మంచు బండి తోలేవాడు. మా అమ్మ కూడా పుట్టని రోజులు. ఒక తెల్లవారుజామున కళ్ళు కనపడనంత మంచు కురుస్తోంది. మలుపులో ఒక కారు ఆగి ఉంది. ఆయన చూడలేదు. లోపల మొగుడూ పెళ్ళాం నిద్రపోతున్నారు, వెచ్చదనం కోసం ఇంజను నడుస్తూనే ఉంది. బండి తోసిన మంచంతా పోయి ఆ కారు మీద పడింది. పొగగొట్టం మూసుకుపోయింది. పొగ లోపలికి మళ్ళింది.

రెండు రోజుల తర్వాత తవ్వి తీశారు. ఇద్దరూ ఇంకా నిద్రపోతున్నట్టే ఉన్నారట. ఆమె చెయ్యి అతని కోటు జేబులో ఉందట... చలికి.

ఆ తర్వాత ఆస్మండ్‌కి మతి చెడిందంటారు. చచ్చాక కూడా బండి దిగలేదంటారు. రాత్రిపూట మలుపులో ఏ బండి ఆగి ఉన్నా దగ్గరికొచ్చి పార కర్రతో మూడు దెబ్బలు కొడతాడు. తన దారికి అడ్డం తీయమని. ఒకటి. రెండు. మూడోది విన్నవాడు తెల్లారడం చూడడు.

ఈ కథ మా ఊళ్ళో స్కూలు బస్సులో చెప్పుకుంటారు. చెప్పేవాడు మూడో దెబ్బ దగ్గరికి రాగానే వెనక సీటు కింద ఎవడో ఒకడు బూటుతో ధడేల్మని తన్నాలి, చిన్నపిల్లలు ఏడవాలి. ఆ తన్నే ఉద్యోగం ఆరేళ్ళు నాదే.

అలాంటి చోట మార్నీ ఒక రాత్రి పడుకోవాల్సి వచ్చింది.

మా ఊరి కలప మిల్లు మూతపడ్డాక మార్నీకి పని లేదు. కొండల అవతల స్పోకేన్ పట్నంలో మా పిన్ని కూతురు ఒక గోదాములో అట్టపెట్టెలు కట్టే పని చూసి పెట్టింది. మార్నీ ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద అతికించి, రోజూ దానివంక పంటినొప్పి పుట్టినట్టు చూసేది. కొండ దాటి పోవడం ఆమెకి చావుతో సమానం. అప్పుడే ఓర్విల్ తాత కబురు పెట్టాడు.

ఓర్విల్ తాత నలభై చలికాలాలు కెస్ట్రెల్ కొండమీద మంచు కొలిచాడు. ఎంత లోతు పడింది, ఎంత బరువుంది అని. దాన్నిబట్టే కింద పొలాలకి వేసవిలో ఎన్ని నీళ్ళొస్తాయో చెబుతారు. మోకాళ్ళు అరిగిపోయాయి కాబట్టి ఇక ఎక్కలేడు. ఎండ తగిలి మంచు మెత్తబడకముందే కొలవాలి కాబట్టి కొలిచే మనిషి ముందురోజు రాత్రే రోడ్డు చివర పడుకోవాలి. ఆయన తర్వాత ఇద్దరు కుర్రాళ్ళని పెట్టారు. ఒకడు అర్ధరాత్రి బూట్లు అక్కడే వదిలేసి మేజోళ్ళతో బండి తోలుకుంటూ వచ్చాడు. రెండోవాడు ఏం విన్నాడో చెప్పలేదు గానీ, మంచే పడని అరిజోనాకి మకాం మార్చేశాడు.

"డిసెంబరు మొదటి శుక్రవారం రాత్రి అక్కడ పడుకో. శనివారం కొలతలు తెచ్చి నా చేతిలో పెట్టు. పని నీది," అన్నాడు ఓర్విల్ తాత. "నువ్వు కూడా పారిపోతే పైవాళ్ళు మనిషితో పని లేకుండా అక్కడొక యంత్రం పాతేస్తారు."

మార్నీ ఆ వారమే ఒక పాత క్యాంపర్ కొనుక్కొచ్చింది.

పికప్ ట్రక్కు వెనక తొట్టిలో కూర్చోబెట్టే చిన్న గది అది. రోడ్డు మీద పొట్టిగా ఉంటుంది. ఆగాక పైకప్పు ఎత్తితే చుట్టూ గుడ్డ గోడలు సాగి నిలబడతాయి. వేసవి సరుకు. డిసెంబరులో దాంట్లో పడుకోవడమంటే గొడుగు కింద కాపురం పెట్టడమే.

నేను తలుపు తీసి లోపలికి తొంగి చూశాను.

"మార్నీ, ఇందులో కోళ్ళను పెంచారు."

"పెంచేవారు. ఇప్పుడు లేవు."

"ఒకటి ఉంది."

ఉంది. పరుపు మధ్యలో ఎర్ర పెట్ట ఒకటి కూర్చుని నావంక అద్దె అడిగేదానిలా చూసింది. దాన్ని అమ్మినాయనకి తిరిగిచ్చి రావడానికి మార్నీకి ఒక పూట పట్టింది. క్యాంపర్‌కి 'పెట్ట' అనే పేరు మాత్రం ఉండిపోయింది.

నవంబరంతా మా షెడ్డులో పెట్టకి వైద్యం చేశాం. నేల ఒక మూల చివికిపోతే కోసి కొత్త చెక్క వేశాం. గుడ్డ గోడల పగుళ్ళకి మాసికలు అంటించాం. వెండికాగితంలా మెరిసే మందపాటి పట్టాని గోడల కొలతకి కత్తిరించి లోపలివైపు తగిలించాం. మన ఊపిరిలోని తడి పరుపు కింద చేరి గడ్డకట్టకుండా పరుపు కింద సన్నచెక్కలు పరిచాం. చలికి బ్యాటరీ చావకుండా దానికొక పెట్టె చేసి చుట్టూ ఉన్ని కుక్కాం. పాత హీటరు ఎంత బతిమాలినా వెలగలేదు. దాని బదులు గ్యాస్ సీసాతో నడిచే చిన్న హీటరు నేల మీద పెట్టి, విషగాలి చేరితే మోగే అలారం ఒకటి గోడకి తగిలించాం.

ఒక రాత్రి ఇంటి ముందే పడుకుని చూసింది మార్నీ. తెల్లారి బయటికొచ్చేసరికి కనుబొమల మీద మంచు.

"పెట్టలో వాన పడిందిరా. నా ఊపిరే పైకిపోయి, గడ్డకట్టి, కరిగి నా ముఖం మీదే పడింది," అంది. "ఎక్కడెక్కడినుంచో చలిగాలి దూరుతోంది. నువ్వు ఖాళీగానే ఉన్నావుగా, ఆ కంతల సంగతి చూడు."

చూశాను. కొవ్వొత్తి వెలిగించి పట్టుకుని మూలమూలా తిరిగాను. మంట ఎక్కడ వంగితే అక్కడ కంత ఉన్నట్టు. అక్కడ డబ్బాలోంచి నురుగు కొట్టాను. అది ఉబ్బి, గట్టిపడి, రాయిలా కూర్చుంటుంది. రెండు డబ్బాలు అయిపోయేసరికి పెట్టలో మంట నిటారుగా నిలబడింది. ఇంత శ్రద్ధగా నేను జీవితంలో ఏ పనీ చెయ్యలేదు.

"కప్పు మీది కిటికీ మాత్రం మూయకు," అంది మార్నీ. "హీటరు వెలిగించినప్పుడు గాలి ఆడాలి."

"తెలుసులే అక్కా. నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

శుక్రవారం వచ్చింది. నేనూ తోడు వెళ్ళాలని ఒప్పందం. మధ్యాహ్నం నుంచి నాకు గొంతునొప్పి పట్టుకుంది.

"గొంతేనా?" అంది మార్నీ బండి ఎక్కుతూ. "కాళ్ళు వణుకుతున్నాయి మరి?"

"నొప్పి కిందికి దిగింది."

"పోయి దుప్పటి కప్పుకో. రేపొద్దున ఓర్విల్ తాతతో రా, నా శవం తీసుకుపోవడానికి," అని నవ్వింది.

ఇక్కణ్ణుంచి మార్నీ చెప్పింది.

ఆమె మలుపు చేరేసరికి మంచు మొదలైంది. మా దగ్గర ఎంత చదువుకోనివాడికైనా ఒకటి తెలుసు, మంచు బండి తిరిగే గుండ్రానికి అడ్డంగా ఆపకూడదు. కొండల్లో దొంగతనం చేసినా క్షమిస్తారు, అది చేస్తే క్షమించరు. కానీ అంతా తెల్లగా ఉండేసరికి గుండ్రం ఎక్కడ అయిపోతుందో, అంచు ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. చెట్లవైపు ఒక ఎర్ర గుంజ కనిపిస్తే దాని పక్కన ఆపింది. సరిగ్గా ఆపానా, లేదా... అనుకుంటూనే కప్పు ఎత్తింది.

దుప్పిమాంసం పులుసు వెచ్చబెట్టుకుని తింది. కప్పు కిటికీ రెండు వేళ్ళంత తెరిచింది. హీటరు వెలిగించి, కొలతల పుస్తకం తలకింద పెట్టుకుని తొమ్మిదింటికి పడుకుంది.

గాలి లేదు. మంచు గుడ్డ గోడల మీద పడుతున్న చప్పుడు మాత్రం... ఎవరో పక్కగదిలో ఉత్తరం మడతపెడుతున్నట్టు.

కాసేపటికి అది కూడా ఆగిపోయింది.

మెలకువ వచ్చేసరికి తల బరువుగా ఉంది. పులుసు పడలేదేమో అనుకుంది. చలి లేదు. అస్సలు లేదు. హీటరు మంట నీలంగా ఉండాల్సింది పసుపుపచ్చగా, పొడుగ్గా ఊగుతోంది. ఎంత అందంగా ఉందో అనిపించిందట. అలా చూస్తూ ఉండిపోయింది.

గుడ్డ గోడ లోపలికి వచ్చింది... బయటికి వెళ్ళింది.

మళ్ళీ లోపలికి... మళ్ళీ బయటికి.

పెట్ట ఊపిరి పీలుస్తోంది.

అది తప్పని కూడా ఆమెకి అనిపించలేదు. అందరూ పీలుస్తారుగా, అనుకుంది.

అప్పుడు బెంచీ మీద ఎవరో ఉన్నారని తెలిసింది.

ఆ బెంచీ జానెడు వెడల్పు. దాని మీద ఆమె బూట్లున్నాయి, సంచి ఉంది, చేతి తొడుగులున్నాయి. ఇంకొకరికి చోటు లేదు. అయినా ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒక మగమనిషి. ఒక ఆడమనిషి. కోట్ల మీద మంచు ఉంది — అంత వేడిలోనూ కరగడం లేదు.

ఆమె చెయ్యి అతని కోటు జేబులో ఉంది.

"వెచ్చగా ఉంది కదూ," అంది ఆ ఆడమనిషి. గొంతులో దయ ఉందట. మా అమ్మ గొంతులా ఉందట.

"ఉంది," అంది మార్నీ.

"పడుకో మరి."

"రేపు కొలతలు..."

"ఎవరైనా కొలుస్తారులే. నువ్వు పడుకో."

మగమనిషి కొంచెం పక్కకి జరిగాడు. బెంచీ మీద... మధ్యలో... ఒక మనిషి పట్టేంత చోటు చేశాడు.

మార్నీకి అక్కడికి వెళ్ళి కూర్చోవాలనిపించింది. ఆకలేసినప్పుడు అన్నం దగ్గరికి వెళ్ళాలనిపించినట్టు. దుప్పటి తీసింది. ఒక కాలు కింద పెట్టింది.

దబ్! దబ్!

తలవైపు గోడ మీద.

పెట్ట మొత్తం అదిరింది. బెంచీ మీది ఆడమనిషి తల తిప్పి గోడవైపు చూసింది. ముఖంలో కోపం లేదు. నిద్రలో ఉన్న పిల్లని ఎవరో లేపబోతుంటే తల్లి చూసినట్టు చూసిందట.

"పట్టించుకోకు," అంది గుసగుసగా.

ఇక్కడ మీరైతే, నేనైతే, దెయ్యం అని కేక పెట్టేవాళ్ళం. మార్నీకి వచ్చిన మొదటి ఆలోచన అది కాదు. అయ్యో... అడ్డంగా ఆపానే! మంచు బండి వచ్చేసిందే! సిగ్గుతో ముఖం వేడెక్కిందట. రేపు ఊరంతా చెప్పుకుంటుంది, మార్నీ మలుపులో అడ్డంగా పడుకుందట అని.

"తీస్తున్నా! తీసేస్తున్నా!" అని అరిచింది. నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది.

లేవబోయింది. కాళ్ళు లేవు. ఉన్నాయి, కానీ ఎక్కడో దూరంగా ఉన్నాయి. నేల మీద పడింది.

బయట చప్పుడు. గోడ వెంబడి ఏదో గీసుకుంటూ... తలవైపునుంచి... నెమ్మదిగా... కాళ్ళవైపుకి. కర్రలాంటిది. ఎవరో దాన్ని గోడకి ఆనించి లాక్కుంటూ నడుస్తున్నారు. తలుపువైపు.

"వెళ్ళకు," అంది ఆడమనిషి. "బయట చలి."

గీత తలుపు దగ్గర ఆగింది.

మార్నీ మోచేతుల మీద పాకింది. ఆరడుగుల గది అది. ఒక మైలు పాకినట్టుందట. బెంచీ పక్కనుంచి వెళుతుంటే మడమకి ఏదో తగిలింది... చల్లగా... వేళ్ళు. పట్టుకోలేదు. అలా ఆనించి ఉంచాయి అంతే. ఉండిపోవచ్చుగా అన్నట్టు.

దబ్!

తలుపు మీద. ముఖానికి ఎదురుగా.

మూడోది.

అయిపోయింది, అనుకుందట మార్నీ. మూడోది వినేశాను. అయినా చెయ్యి ఎత్తి గడియ పట్టుకుంది. మంచు బండి డ్రైవర్ని చలిలో నిలబెట్టకూడదు కదా. గడియ గడ్డకట్టి ఉంది. కదల్లేదు. ఆమె చేతిలో బలం లేదు. తలని దానికి ఆనించి "ఒక్క నిమిషం" అంది.

తలుపు తెరుచుకుంది.

నేను తీశానో, బయటినుంచి తీశారో నాకు తెలీదురా, అని ఇప్పటికీ అంటుంది. ముఖం బోర్లా మంచులో పడింది. చలి కత్తిలా ముక్కులోకి దూరింది. తిన్న పులుసంతా కక్కేసింది. అలా ఎంతసేపు పడి ఉందో. తలెత్తి చూసేసరికి —

బండి లేదు. దీపాలు లేవు. మనిషి లేడు.

మంచు నిటారుగా, చప్పుడు లేకుండా కురుస్తోంది. తాను పడ్డ గుంట తప్ప చుట్టూ ఒక్క అడుగు జాడ లేదు.

వెనక్కి తిరిగి చూసింది. తలుపు బార్లా తెరిచి ఉంది. బెంచీ మీద ఆమె బూట్లు, సంచి, తొడుగులు. అంతే.

తెల్లారాక కొలతల పుస్తకం తెచ్చుకోవడానికి తప్ప ఆమె మళ్ళీ పెట్టలోకి వెళ్ళలేదు. చెయ్యి మాత్రం చాచి బూట్లూ దుప్పటీ లాక్కుంది. ట్రక్కు ముందు సీట్లో అద్దాలు దించుకుని, పళ్ళు టకటకలాడించుకుంటూ తెల్లారేదాకా కూర్చుంది.

పొద్దున్నే నేనూ ఓర్విల్ తాతా వెళ్ళాం. టైర్లకి గొలుసులు కట్టుకుని, పదిహేడు మైళ్ళు రెండు గంటలు. తాజా మంచు మీద మాదే మొదటి బండి. మలుపు తిరగ్గానే పెట్ట తలుపు తెరిచి వేలాడుతోంది. లోపల ఎవరూ లేరు. ముందు సీట్లో ఎవరూ లేరు. తలుపు ముందు మంచులో మనిషి పడ్డ గుంట.

నా గొంతునొప్పి నిజంగానే మొదలైంది. "అక్కా!" అని అరిచాను. కొండ కూడా తిరిగి పలకలేదు. ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నవాణ్ణి, ముందురోజు ఆమె నవ్విన నవ్వు గుర్తొచ్చి ఆ గుంటలో మంచుని చేతులతో తవ్వసాగాను.

ఓర్విల్ తాత నా భుజం తట్టి కొండవైపు చూపించాడు. రెండు సన్నటి గీతలు. మంచు మీద నడిచే స్కీ చెక్కల జాడలు. పైకి.

తొమ్మిదిన్నరకి దిగి వచ్చింది. పాలిపోయిన ముఖం, ఎర్రటి కళ్ళు. దుప్పటి శాలువాలా చుట్టుకుని ఉంది. తాత చేతిలో కొలతల పుస్తకం పెట్టింది.

"పదీ కొలిచాను. ఏడోదాని దగ్గర కక్కుకున్నాను, అక్కడ రెండుసార్లు కొలిచాను," అంది. తర్వాత నావంక చూసింది. "నువ్వెందుకురా ఏడుస్తున్నావు?"

"చలికి."

తాత పుస్తకం కోటులో పెట్టుకుని, పెట్టలో దూరి కాసేపు వెతికాడు. కప్పు మీదికి చూశాడు. రెండు వేళ్ళంత తెరిచిన కిటికీ మీద మోకాలు లోతు మంచు. తలుపు పక్కన, నేలకి జానెడు ఎత్తులో వేలు పెట్టి గీకాడు. గట్టిపడిన పసుపు నురుగు ఊడి వచ్చింది. దాని వెనక చిన్న జల్లెడ ఉంది.

"ఇది ఎవరు మూశారు?"

"నేనే తాతా. అక్కడ కొవ్వొత్తి మంట బాగా వంగింది."

"గాలి వస్తోంది కాబట్టి వంగింది, వెధవా. రావడానికే దాన్ని పెట్టారు. పై కిటికీని మంచు మూసింది, కింది కంతని నువ్వు మూశావు. మధ్యలో మంట. దీంట్లో కోడి కూడా బతకదు."

మార్నీ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. తల మీద చెయ్యి వేసి జుట్టు చెరిపింది, అంతే.

"అయితే ఆ చప్పుళ్ళు, ఆ మనుషులు, అంతా విషగాలి మహిమేనన్నమాట," అన్నాను, పరిస్థితి తేలిక చేద్దామని. "తలకెక్కితే ఏవేవో వినిపిస్తాయట. చిన్నప్పట్నుంచి విన్న కథే కదా, అదే వినిపించింది."

"అయ్యుంటుంది," అంది మార్నీ. "కానీ కథలోలాగా లేదు. మూడూ ఒకేచోట పడలేదు. తలవైపు రెండు, గబగబా. తర్వాత కర్ర గోడకి గీసుకుంటూ నడిచాడు. తలుపు దగ్గర ఒకటి."

ఓర్విల్ తాత బంపర్ మీద కూర్చుండిపోయాడు. టోపీ తీశాడు.

"ఆ ఇద్దర్నీ తవ్వి తీసిన తర్వాత, ఆస్మండ్ పక్కన నేను రెండు చలికాలాలు బండిలో తిరిగాను," అన్నాడు. "పంతొమ్మిదేళ్ళవాణ్ణి. ఎక్కడ బండి ఆగి ఉన్నా దిగేవాడు. రెండు కొట్టేవాడు. పార కర్ర గోడకి ఆనించి, తలుపు ఎక్కడుందో చీకట్లో వెతుక్కుంటూ నడిచేవాడు. తలుపు మీద ఒకటి కొట్టేవాడు. లోపల్నుంచి తిట్టినా సరే, ఏదో ఒకటి పలికితే, పడుకోండి బాబూ అని వచ్చేసేవాడు. పలక్కపోతే తలుపు పెకలించేవాడు."

"అడ్డం తీయమని కాదా?" అంది మార్నీ.

"కాదమ్మా. ఉన్నారా అని."

చెట్టుమీంచి మంచు జారి పడితే ముగ్గురం ఉలిక్కిపడ్డాం.

"గ్యాస్ తలకెక్కితే వినిపిస్తాయి, నిజమే," అన్నాడు తాత, టోపీ పెట్టుకుంటూ. "మనకి తెలిసినవే వినిపిస్తాయి. ఈ కర్ర గీత సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

లేచి వెళుతూ, గోడకి తగిలించిన విషగాలి అలారం చూసి ఆగాడు. "ఇది మోగలేదా?"

"లేదు తాతా. కొత్త బ్యాటరీలు నా చేత్తో వేశాను, బుధవారం," అంది మార్నీ.

"చలికి చచ్చి ఉంటుంది. వేరేది కొను."

"నేను పారేస్తాలే," అని దాన్ని ఊడదీసి నా జేబులో వేసుకున్నాను. ఎంత సాయంచేసే తమ్ముడో!

మార్నీకి పని వచ్చింది. స్పోకేన్ ఉత్తరం ఫ్రిజ్ మీంచి దిగింది. ప్రతి శుక్రవారం పెట్టతో మలుపుకి వెళుతుంది. కంతలు తెరిచే ఉన్నాయి. అలారాలు ఇప్పుడు రెండున్నాయి. పడుకునేముందు చీకట్లోకి "ఉన్నానండీ" అని ఒక మాట గట్టిగా చెప్పి పడుకుంటుందట. మళ్ళీ ఎప్పుడూ ఎవరూ కొట్టలేదు. నేనూ నాలుగుసార్లు తోడు వెళ్ళాను. ఆ బెంచీ మీద మాత్రం కూర్చోను.

ఇన్నాళ్ళూ ఈ కథని బార్లో, చేపలవేటలో, పెళ్ళిళ్ళలో చెప్పాను. నురుగు సంగతి దగ్గర అందరూ నన్ను తిట్టి నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అక్కడితో ఆపేస్తాను. దాని తర్వాతది ఎవరికీ చెప్పలేదు. మార్నీకి కూడా. ఆమె ఇది చదువుతుంది, చదవాలి.

అక్కా, నీ అలారం చలికి చావలేదు. గురువారం రాత్రి దాంట్లో రెండు బ్యాటరీలు నేనే తీశాను. దెయ్యాల పండగ హాలోవీన్‌కి అంగట్లో కొన్న ప్లాస్టిక్ పుర్రె ఒకటుంది నా దగ్గర, వెలుతురు పడగానే పకపకా నవ్వేది. పొద్దున నువ్వు కాఫీ డబ్బా కోసం అలమార తెరిస్తే నవ్వాలని కాఫీ వెనక పెట్టాను. ఇంట్లో వేరే బ్యాటరీలు కనపడలేదు. రెండే కదా, ఒక్క రాత్రే కదా అనుకున్నాను. నువ్వు కొండమీంచి దిగొచ్చేలోపే ఆ పుర్రెని తీసి కోటులో దాచాను. నిన్ను చంపబోయింది ఆస్మండ్ కాదు, బెంచీ మీది వాళ్ళూ కాదు.

ఇంటికెళ్ళి పుర్రెని దీపం కింద పెట్టి చూశాను. నవ్వలేదు. విప్పి చూస్తే, ఆ రెండు బ్యాటరీలూ తలకిందులుగా వేశాను.